బొమ్మ విమానములు - పిల్లలు

1878లో అమెరికా దేశమున మిల్టన్ రైటు అను నాతడు తన కుమారులగు విల్బరు, ఆర్విలులకు ఒక యెగురుబొమ్మను తెచ్చి యిచ్చెను. అది వెదురు, బెండు, కాగితములతో చేసినది. మెలిపెట్టిన రబ్బరు విప్పుకొనుచుండగా పైకెగయును. అది విఱిగిన పిదప బాలురు తామే అట్టివి చేసికొనిరి. 1903 డిసెంబరు 17న వారి విమానము ఆర్విలును మోసికొని 12 సెకండు లెగిరెను.

నేనును నా మనుమలతో కాగితపు విమానములు చేసి, గాలి లేని యుదయములందు, తీగలు చెట్లు లేని బయట నెగురవేయుచుందును. విమానము ముక్కు పైకెత్తి, వేగముడిగి కూలెనేని ముందు బరువు చాలలేదన్నమాట, మైనపుముద్ద నంటింపవలయును. తిన్నగా నేలకు పొడుచుకొనెనేని బరువు హెచ్చినదన్నమాట. మైనము కొంత తీయవలయును.

ఈ సంగతి ముందుగా చెప్పివేయరాదు. మూడుమారులు కూలిన పిమ్మట పిల్లవాడు "తాతా, నువ్వే చెయ్యి" అని దానిని మన చేతిలో పెట్టును. అప్పుడు చేయి ముడుచుకొని యుండుటయే పెద్దలకు కష్టమైన పని. మైనము వాని కిచ్చి, "ఎక్కడ బరువు తక్కువో చూడుము" అనిన చాలును. రెక్క విఱిగినను కసరక జిగురు చూపుడు. వారమున కొక్క గంట వారితో గడపుడు. తక్కినది వారే నేర్చుకొందురు.