చరిత్రకు సాక్షి మౌలాలి గుట్ట

సికింద్రాబాదుకు తూర్పు దిక్కున, ఇళ్ల మధ్య నుంచి ఒక్కసారిగా లేచి నిలబడిన నున్నటి రాతి కొండ మౌలాలి గుట్ట. ఉర్దూవారు దీన్ని ‘కోహె మౌలా అలీ’ అంటారు. కోహ్ అంటే ఫార్సీలో కొండ. కోహినూర్ వజ్రం పేరులో ఉన్నదీ ఈ మాటే. ఏటా రజబ్ నెలలో వేలాది మంది ఈ గుట్ట మెట్లెక్కుతారు. పైనున్న దర్గా గురించి వారందరికీ తెలుసు. ఆ దర్గాను మోస్తున్న రాయి కథ తెలిసినవారు మాత్రం తక్కువ.

ఈ రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో కరిగి ఉన్న శిల నెమ్మదిగా చల్లారి గ్రానైటుగా గట్టిపడింది. దానిపై ఉన్న పొరలు కోట్ల ఏళ్లపాటు వానకు, గాలికి కొట్టుకుపోయాయి. నెత్తిన బరువు తగ్గేసరికి రాయి ఉబ్బి, బీటలు వారింది. పైభాగం ఉల్లిపొరల్లా ఊడుతూ వచ్చింది. గుట్ట బోర్లించిన గిన్నెలా ఉండటానికి కారణం ఇదే.

హైదరాబాదు చుట్టుపక్కల ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే బండలను చూసి, “వీటినెవరు పైకి ఎత్తారు?” అని పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు. ఎవరూ ఎత్తలేదు. నిలువు బీటల్లోకి, అడ్డ బీటల్లోకి నీరు దిగి రాతి మూలలను అరగదీసింది. మధ్యనున్న మట్టి కొట్టుకుపోయింది. మిగిలిన బండలు ఉన్నచోటనే నిలిచిపోయాయి.

మనిషి ఈ గుట్ట నీడకు చేరి కూడా చాలా కాలమైంది. ఈ పరిసరాల్లో ఇనుప యుగం నాటి రాతి సమాధులు బయటపడ్డాయి. కుతుబ్ షాహీల కాలంలో యాఖూత్ అనే రాజోద్యోగికి వచ్చిన ఒక కలతో ఇక్కడి దర్గా చరిత్ర మొదలైందని చెబుతారు. అది హిజ్రీ 986, అంటే క్రీ.శ. 1578. ఇబ్రహీం కుతుబ్ షా పాలిస్తున్న రోజులవి. రజబ్ 17న ఉర్సు జరగడం ఆనాటి జ్ఞాపకంగానే. ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా 1824లో కన్నుమూసింది. ఆమె సమాధి ఈ గుట్ట పాదం దగ్గరే ఉంది.

మన పూర్వీకులు రాతిని తాకలేదని కాదు. చార్మినార్, మక్కా మసీదు, గోల్కొండ గోడలు, అన్నీ ఈ జాతి రాతితో కట్టినవే. అయితే ఆ రోజుల్లో రాయి తీయడం ఎంత శ్రమో చూడండి. మక్కా మసీదులో ఒక్క పెద్ద రాతిని తొలిచి తీయడానికి అయిదారు వందల మందికి 5 ఏళ్లు పట్టిందని, దాన్ని లాగడానికి 1,400 ఎడ్లు కావలసి వచ్చాయని ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ రాశాడు. అంత కష్టపడి తెచ్చినదాన్ని ఎవరూ వృథా చేయలేదు.

మందుగుండు, యంత్రాలు వచ్చాక ఆ లెక్క మారిపోయింది. నగరం పెరిగినకొద్దీ ఎన్నో గుట్టలు కంకరగా, ఇళ్ల స్థలాలుగా మారాయి. దీన్ని చూసి బాధపడిన పౌరులు 1996లో శిలల రక్షణకు ఒక సంఘం పెట్టుకున్నారు. వారి కృషితో అప్పటి పట్టణాభివృద్ధి సంస్థ ‘హుడా’ 9 శిలా ప్రదేశాలను వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో మౌలాలి దగ్గరి ‘సెంటినెల్ రాక్’ ఒకటి. సెంటినెల్ అంటే కాపలాదారు. కాపలా కాసే రాతికే కాపలా పెట్టవలసిన రోజు వచ్చిందన్నమాట!

రాళ్లు పోతే పోయేది అందం ఒక్కటే కాదు. రాతి బీటల గుండా వాన నీరు భూమిలోకి దిగుతుంది. గుట్టల మీద పడిన వాన పల్లంలోని చెరువుకు చేరుతుంది. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీరిచ్చిన దుర్గం చెరువు ఇలా రాతి గుట్టల మధ్యలో ఉన్నదే.

అందుచేత జియారత్‌కు గాని, విహారానికి గాని కుటుంబంతో వెళ్లినప్పుడు పిల్లలకు ఈ రాతి కథ కూడా చెప్పండి. బండల మీద రంగులతో పేర్లు రాయనివ్వకండి. ఇల్లు కట్టుకునే స్థలంలో బండ ఉంటే, పగలగొట్టే ముందు దాన్ని ఉంచి కట్టుకునే వీలుందేమో ఆలోచించండి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు డబ్బు గురించి అన్నారు. మన తరం ఆ మాటను నిజం కొండల విషయంలోనే రుజువు చేయకూడదు.