నాన్నగారి షష్టిపూర్తి డిస్కు

మొన్న సంక్రాంతికి అమ్మ నెల్లూరు నుంచి బెంగళూరు వచ్చినప్పుడు "ఒరేయ్, నాన్నగారి షష్టిపూర్తి సీడీ ఒకసారి పెట్టరా" అంది. అది సీడీ కాదు, డీవీడీ. 2006లో ఫొటోగ్రాఫరు రెండు కాపీలిచ్చాడు. మా దగ్గరున్నది సరిగ్గా మాంగల్యధారణ దగ్గర బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోయింది. నాన్నగారు పోయి ఆరేళ్లు. ఆయన గొంతు మాకు మిగిలింది ఆ డిస్కులోనే. అమ్మ ఏమీ అనకుండా లేచి వంటింట్లోకి వెళ్లింది.

ఇళ్లల్లో, స్టూడియోల్లో రాసే డీవీడీలో సమాచారమంతా ఒక రంగుపూతలో ఉంటుంది. వేడి, తేమ, వెలుతురు తగిలి ఏళ్లు గడిచేకొద్దీ అది చెడుతుంది. అంగట్లో కొన్న సినిమా డిస్కులు అచ్చుపోసినవి, వాటికి ఈ రంగుపూత బెడద లేదు. మనమేమో సినిమాలను అద్దాల బీరువాలోనూ, పెళ్లి డిస్కులను అటకమీదా పెడతాం!

రెండో కాపీ చెల్లెలి దగ్గరుంటే కొరియరులో తెప్పించాను. ఇప్పటి లాప్‌టాపుల్లో డిస్కు పెట్టే చోటే ఉండడం లేదు కనుక ఎస్.పి. రోడ్డుకు వెళ్లి యూఎస్‌బీ డ్రైవు కొన్నాను. ముందుగా డిస్కులోని 'వీడియో టీఎస్' ఫోల్డరును ఉన్నదున్నట్టు కంప్యూటరులోకి ఎక్కించాను. తర్వాతి పని హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాముది.

డీవీడీలో బొమ్మ ఎంపెగ్-2 అనే 1990ల నాటి పద్ధతిలో ఉంటుంది. 2003లో వచ్చిన హెచ్.264 దానికన్నా పొదుపరి. లెడ్జరులో పాత నిల్వ ముందుకు తెచ్చి, ఆపైన జమాఖర్చులు మాత్రమే రాసుకున్నట్టు, రెండూ బొమ్మలో మారినదాన్నే రాసుకుంటాయి. కొత్తది ఆ లెక్కను ఇంకా బిగించి రాస్తుంది.

క్వాలిటీ దగ్గర ఆర్ఎఫ్ అనే అంకె ఉంటుంది. అది తగ్గేకొద్దీ బొమ్మ మెరుగు, ఫైలు పెద్దది. ఈ తిరకాసు తెలియక మొదట 35 పెడితే పురోహితుడి ముఖం మైనపుముద్దలా వచ్చింది. 20 పెట్టాక సరిపోయింది. మనుషులు కదిలినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే ఫిల్టర్లలో డీఇంటర్‌లేస్ పెట్టాలి. అరగంట పైచిలుకు పట్టింది. 4.2 జీబీల డిస్కు 1.3 జీబీల ఫైలయింది. కుదింపులో పోయిన వివరం తిరిగి రాదు కనుక అసలు ఫోల్డరును చెరపలేదు. దాని నకలొకటి చెల్లెలికీ పంపాను.

కొన్న సినిమా డీవీడీల సంగతి వేరు. చాలావాటికి తాళం ఉంటుంది, హ్యాండ్‌బ్రేక్ దాన్ని తీయదు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి తాళాలు తీయడం నేరమని 2012 సవరణలో మన కాపీరైట్ చట్టానికి 65ఎ సెక్షను చేరింది. నేను వాటి జోలికి పోలేదు.

ఆదివారం పెన్‌డ్రైవు టీవీకి పెట్టాను. భోజనాల పంక్తిలో నాన్నగారు "ఆ చివర పెరుగు వెయ్యండయ్యా" అని కేకేశారు.

"అక్కడ మళ్లీ పెట్టు" అంది అమ్మ. నాలుగుసార్లు పెట్టాను.