పర్సు లెక్క, మన కుర్రాళ్లు

"మన కుర్రాడికి ఆరు కోట్లు, ఆ దక్షిణాఫ్రికా ఆయనకి ఇరవైమూడా? తెలుగువాడంటే అంత చులకనా అండీ?" 2024 అక్టోబరు 31న ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్ హైదరాబాద్ అట్టిపెట్టుకున్న ఆటగాళ్ల జాబితా బయటికి రాగానే భీమవరం నుంచి మా బాబాయిగారు అడిగిన మాట ఇది. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఊరుకోలేదు. "నితీశ్‌ని చవగ్గా ఉంచుకున్నారు, ఆ మేరకు డబ్బు మిగిలింది, మంచిదేగా బాబాయ్" అన్నాడు. మాటా మాటా పెరిగి, సంక్రాంతి వరకూ ఇద్దరూ ఫోన్లు చేసుకోలేదు. ఇద్దరూ ఒకే జట్టు అభిమానులు. ఇద్దరూ చూడాల్సిన అంకెను వదిలేసి వేరే అంకె మీద పోట్లాడుకున్నారు. మధ్యలో నలిగిపోయింది మా పిన్ని.

లెక్కలు చూడటం నా ఉద్యోగం. మన సంఘం సంచికకు పనికొచ్చేదేదైనా రాయమని కమిటీవారు అడిగితే ముందు పన్నుల గురించి రాద్దామనుకున్నాను. దాని మీద ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. వేలం వచ్చిందంటే మన ఇళ్లలోనూ గుడి భోజనాల దగ్గరా జరిగే ఈ వాదన గురించి మాత్రం ఎవరూ లెక్క విడమర్చి చెప్పలేదు.

2025 సీజనుకు ఒక్కో జట్టు పర్సు, అంటే ఆటగాళ్ల మీద ఖర్చుపెట్టగల మొత్తం, 120 కోట్లు. దేశానికి ఆడిన ఆటగాళ్లను అయిదుగురిని ఉంచుకుంటే పర్సులోంచి వరుసగా 18, 14, 11, 18, 14 కోట్లు పోతాయని నిబంధన. మొత్తం 75 కోట్లు. ఆ 75 కోట్లను అయిదుగురికీ ఎలా పంచుతారన్నది జట్టు ఇష్టం. అయితే పంచిన మొత్తం 75 దాటితే ఎక్కువ ఉన్న అంకె కోస్తారు. తగ్గితే మాత్రం ఒక్క రూపాయి వెనక్కి రాదు. మా బాబాయిగారికి చివరికి ఇలా చెప్పాను: చెరువు లీజు ఎకరాకి ఇంతని కట్టేశాక, మీరు రొయ్య పిల్ల ఎంత తక్కువ వేసినా లీజు తగ్గదు కదండీ, ఇదీ అంతే.

ఇప్పుడు సన్‌రైజర్స్ ఏం చేసిందో చూడండి. దక్షిణాఫ్రికా ఆటగాడు క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, అభిషేక్ శర్మకి 14, ట్రావిస్ హెడ్‌కి 14, నితీశ్ కుమార్ రెడ్డికి 6. కూడితే సరిగ్గా 75. నిబంధనలోని అంకెలతో పోల్చితే తేడా రెండు చోట్లే ఉంది. 11 రావాల్సిన చోట నితీశ్‌కి 6 వచ్చింది. 18 రావాల్సిన చోట క్లాసెన్‌కి 23 వెళ్లింది. అటు తగ్గిన అయిదు కోట్లే ఇటు పెరిగాయి. కాబట్టి నితీశ్‌ని చవగ్గా ఉంచుకుని డబ్బు మిగిల్చారన్నది నిజం కాదు. అతనికి ఆ 6 బదులు 3 ఇచ్చినా వేలానికి మిగిలేది అదే 45 కోట్లు. చులకన చేశారన్నది కూడా నిజం కాదు. 20 లక్షలకు జట్టులోకి వచ్చిన విశాఖ కుర్రాడు, 2024లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తీసుకుని, ప్రపంచస్థాయి హిట్టర్ల సరసన ఆ అయిదుగురిలో ఒకడయ్యాడు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ అయిదు కోట్లు ఇవ్వకపోతే క్లాసెన్ ఉండేవాడా? దాని మీద వాదించుకోండి, ఎంతసేపైనా వాదించుకోవచ్చు.

ఈ పొరపాటు ఎందుకింత ప్రమాదమంటే, పేరు పక్కన కనిపించే ధర ఆటగాడి విలువలా అనిపిస్తుంది. దాన్ని పట్టుకుని మనం ఆ కుర్రాణ్ణో, జట్టునో, ఒక్కోసారి ఎదురుగా ఉన్న చుట్టాన్నో మాట అనేస్తాం. జాబితా చూసినప్పుడు పేరు పక్క అంకె కాదు, చివర మిగిలిన పర్సు చూడండి. తర్వాత ఆ మిగిలిన డబ్బుతో ఇంకా ఎంతమందిని కొనాలో చూడండి. ఆ రెండూ చూశాకే అభిప్రాయం చెప్పండి. ఒక జట్టు తన ఆటగాణ్ణి ఇంకో జట్టుకు పంపే ట్రేడ్‌లో ఇంకో తిరకాసు ఉంది. 2023 నవంబరులో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వెళ్లినప్పుడు అందరి నోటా 15 కోట్లే వినిపించింది. అది అతని జీతం, ముంబై పర్సులోంచి పోయేది. ఒక జట్టు రెండో జట్టుకు ఇచ్చుకునే బదిలీ సొమ్ము వేరే, అది పర్సు లెక్కలోకి రాదు, బయటికి చెప్పరు కూడా. జీతానికి చోటు చేసుకోవడానికే ముంబై కామెరాన్ గ్రీన్‌ని 17.50 కోట్లకు బెంగళూరుకు పంపింది. ఆ రెండు ట్రేడ్‌లనూ విడివిడిగా చూస్తే ఏదీ అర్థం కాదు.

అమెరికాలో బేస్‌బాల్ చూస్తూ పెరిగిన మన పిల్లలకు ఈ విషయం చెప్పేటప్పుడు తేడా కూడా చెప్పాలి. టెక్సస్ రేంజర్స్ 2000 డిసెంబరులో అలెక్స్ రోడ్రిగ్స్‌కి పదేళ్లకు 252 మిలియన్ డాలర్ల ఒప్పందం ఇచ్చింది. అతను ఆడిన మూడు సీజన్లూ జట్టు తన డివిజన్‌లో ఆఖరి స్థానంలోనే ఉంది. 2004లో యాంకీస్‌కి పంపేటప్పుడు మిగిలిన జీతంలో 67 మిలియన్లు రేంజర్సే భరించడానికి ఒప్పుకుంది. అక్కడ ఖర్చుకు గట్టి గోడ లేదు, పరిమితి దాటితే అదనపు పన్ను కడతారు. ఐపీఎల్‌లో పర్సు గోడ లాంటిదే. బేస్‌బాల్‌లో ఆటగాణ్ణి అడక్కుండానే పంపేయవచ్చు, ఒప్పందంలో ఆ షరతు రాయించుకున్నవాళ్లకు, లేదా పదేళ్ల అనుభవం ఉండి అదే జట్టులో వరసగా అయిదేళ్లు ఆడినవాళ్లకు మాత్రమే కాదనే హక్కు ఉంటుంది. ఐపీఎల్‌లో ఆటగాడు ఒప్పుకోకపోతే ట్రేడ్ జరగదు. ఈ విషయంలో మన పద్ధతే మర్యాదైనదని నా అభిప్రాయం.

అలాగని జట్టు చేసినవన్నీ లెక్కతో సమర్థించలేం. డేవిడ్ వార్నర్ విషయం చూడండి. 2016లో కప్పు తెచ్చిన కెప్టెన్, ఆ ఏడాది 848 పరుగులు. 2015, 2017, 2019లో ఆరెంజ్ క్యాప్. మన పాటకు చిందులేసి మన పిల్లల మనసు దోచుకున్న విదేశీయుడు. 2021 మేలో సీజను మధ్యలోనే కెప్టెన్సీ తీసేసి, తర్వాత ఆడే పదకొండుగురిలోంచి కూడా తప్పించారు. మరుసటి ఏడాదికి విలియమ్సన్‌ని 14 కోట్లకు, అబ్దుల్ సమద్‌ని, ఉమ్రాన్ మాలిక్‌ని నాలుగేసి కోట్లకు ఉంచుకుని, రషీద్ ఖాన్‌ని వదిలేశారు. ఆ ఏటి పర్సు 90 కోట్లలో 68 మిగిలింది, లెక్కకు బాగానే ఉంది. రషీద్ 15 కోట్లకు గుజరాత్ వెళ్లి ఆ ఏడాదే కప్పు ఎత్తాడు. ఫామ్ లేని ఆటగాణ్ణి వదిలేయడం తప్పు కాదు, వార్నర్‌ని పంపిన తీరు తప్పు. ఆ రోజు మనవాళ్లకు వచ్చిన కోపం న్యాయమైనది.

అంతకన్నా పాత గాయం, సన్‌రైజర్స్‌కి ముందు హైదరాబాద్ జట్టుగా ఉన్న డెక్కన్ ఛార్జర్స్‌ది. 2008లో వీవీఎస్ లక్ష్మణ్ తనకు ఐకాన్ హోదా వద్దన్నారు. ఐకాన్ ఆటగాడికి జట్టులో అందరికన్నా 15 శాతం ఎక్కువ ఇవ్వాలి కాబట్టి, ఆ డబ్బు వేరేవాళ్లను కొనడానికి ఉపయోగపడాలని ఆయన ఉద్దేశం. జట్టు కోసం తన జీతం తగ్గించుకున్న మనిషి తెలుగువాడు, అది మన పిల్లలకు తప్పక చెప్పాల్సిన కథ. 2009లో దక్షిణాఫ్రికాలో ఛార్జర్స్ కప్పు గెలిచింది. 2011 వేలానికి ముందు ఒక్కరినీ ఉంచుకోలేదు. విశాఖ తల్లి కొడుకు రోహిత్ శర్మ 20 లక్షల డాలర్లకు ముంబై వెళ్లిపోయాడు, లక్ష్మణ్ కొచ్చికి ఆడారు. తెలుగునేల మీద జరిగిన అన్ని జట్టు నిర్ణయాల్లో అది అతి పెద్ద తప్పు.

అలా చేజారిన ఇంకో పేరు పేసర్ మహమ్మద్ సిరాజ్. 2017లో సన్‌రైజర్స్ 2.60 కోట్లకు కొన్న హైదరాబాదీ, మరుసటి ఏడాదే బెంగళూరు పాలయ్యాడు. 2025 ఏప్రిల్ 6న ఉప్పల్‌లో గుజరాత్ తరఫున సన్‌రైజర్స్ మీదే 17 పరుగులకు నాలుగు వికెట్లు తీశాడు.

ఇక మన గోదావరి మాట. ఆలమూరులో పుట్టిన వెంకటపతి రాజు దేశానికి 28 టెస్టులు ఆడి 93 వికెట్లు తీశారు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2013లో సన్‌రైజర్స్‌కి ఆడుతూ క్రిస్ గేల్‌ని అవుట్ చేశాడు, ఆ మ్యాచ్ సూపర్ ఓవర్‌లో మనమే గెలిచాం. తొడ కండరం పట్టేసినా 2021లో సిడ్నీలో 161 బంతులు నిలబడి టెస్టు కాపాడిన విహారి ఇతనే. కాకినాడ పేసర్ సత్యనారాయణ రాజు 2024 వేలంలో 30 లక్షలకు ముంబైకి వెళ్లి, 2025 మార్చి 23న చెపాక్‌లో చెన్నై మీద తొలి మ్యాచ్ ఆడాడు. ఆ ముప్ఫై లక్షల పేరు మన ఇళ్లలో ఎన్నిసార్లు వినిపించింది? ఇరవైమూడు కోట్ల మీద తెల్లార్లూ మాట్లాడుకున్న మనం ఈ కుర్రాడి బౌలింగ్ ఎంతమందిమి చూశాం?

ఆంధ్ర ప్రీమియర్ లీగ్ 2022లో మొదలైనప్పుడు గోదావరి టైటన్స్ ఉండేది. 2025లో కాకినాడ కింగ్స్, భీమవరం బుల్స్ వచ్చాయి. రంజీకి ఎదిగే మన పిల్లలు ముందు అక్కడే కనిపిస్తారు. జట్టు నిర్ణయాల మీద మనకున్న పట్టుదలలో కొంత అటు మళ్లించండి. డెల్టాలో ఇంటి గుమ్మం దాకా వరిచేలు, చెరువులే. పిల్లలు ఆడుకునే చోటు దొరకడమే కష్టం. ఈసారి ఊరెళ్లినప్పుడు మీరు చదివిన హైస్కూలుకు వెళ్లి డ్రిల్లు మాస్టారిని కలవండి. ఒక మ్యాటింగ్ వికెట్, రెండు నెట్లు, ఒక లెదర్ బంతుల పెట్టె, ఏది కావాలంటే అది కొనివ్వండి. ఖర్చు పంచుకోవడానికి పక్క ఊరివాళ్లను కలుపుకోండి, ఆ లెక్కలు రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.