నీ సహోదరుడు ఎక్కడ?

కయీను తన తమ్ముని పొలములో చంపిన తరువాత దేవుడు అతనిని ఏమి అడిగెనో ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. నీ సహోదరుడు ఎక్కడ అని అడిగాడు. నాకు తెలియదని కయీను జవాబిచ్చాడు. ఈ కథ చెప్పేటప్పుడు మనము కయీనును వ్రేలెత్తి చూపిస్తాము. కాని అదే జవాబు ఒకనాడు మా నోటి నుండి కూడా వచ్చింది. దానిని ఒప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది సారంగాపూర్ ప్రాంతము. ఇప్పుడది జగిత్యాల జిల్లాలో ఒక మండలము. మేము చెప్పే రోజులలో జగిత్యాల తాలూకా, కరీంనగర్ జిల్లా. ఒక ప్రక్క పొలాలు, ఒక ప్రక్క అడవి. ఎండాకాలము తునికాకు తెంపుట, మిగిలిన కాలము కూలి పని. ఇంటింటా ఆడవారి ఒడిలో బీడీల చాట. నిజాము పాలన 1948లో ముగిసినా, దొర గడి ముందు చెప్పులు చేతపట్టి నడిచే అలవాటు, పైసా ఇవ్వని వెట్టి చాకిరి ఆ తరువాత కూడా చాలా ఏండ్లు నిలిచాయి. మా తాతలు ఆ చాకిరి చేసినవారే.

నోరు లేని రోజులు

1975 జూన్ 25న దేశములో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. పత్రికలపై సెన్సారు వచ్చింది. వేలాదిమందిని విచారణ లేకుండా జైళ్ళలో ఉంచారు. పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే దరఖాస్తును హెబియస్ కార్పస్ అంటారు. ఒక్క మాటలో చెప్పాలంటే, ఆ మనిషి ఎక్కడ అని ప్రభుత్వాన్ని అడుగుట. అత్యవసర పరిస్థితిలో ఆ ప్రశ్న అడిగే హక్కు పౌరునికి లేదని 1976లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురు అలా అనగా, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. అందుకు ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి రాలేదు. నలభై ఒక్క ఏండ్ల తరువాత, 2017లో, తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చుండి ఆ పాత తీర్పు తప్పని చెప్పారు.

1977 మార్చిలో అత్యవసర పరిస్థితి ముగిసింది. మా పల్లెలలో రైతు కూలి సంఘాలు లేచాయి. కూలి పెంచమని, వెట్టి మానమని, దొరలు ఆక్రమించిన భూములు విడువమని అడిగారు. 1978 సెప్టెంబరు 7న వేలాదిమంది కూలీలు, రైతులు జగిత్యాలలో ఊరేగింపు తీశారు. దానినే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. అదే సంవత్సరము అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ చట్టము 1948 నాటిది. అయిదుగురు గుమికూడరాదన్న ఆజ్ఞ ఉన్నచోట, హెచ్చరించిన తరువాత ప్రాణము పోయేలా కాల్పులు జరుపుటకు కూడా సబ్ ఇన్‌స్పెక్టరుకు అది అధికారమిచ్చింది. దేశమంతటికీ అత్యవసర పరిస్థితి పోయిన మరుసటి ఏడే అది మా ఇంటికి వచ్చినట్లయింది.

ఆ తరువాతి ఏండ్లలో మా రాత్రి ప్రార్థన కూటములు ఆగిపోయాయి. చీకటి పడితే కుక్క మొరిగినా గుండె దడ. రాత్రి అడవి నుండి వచ్చినవారు అన్నము పెట్టమనేవారు. తెల్లవారితే పోలీసులు వచ్చి ఎందుకు పెట్టావనేవారు. పెట్టకుంటే ఒక భయము, పెడితే ఒక భయము.

ఆ ఆదివారము

ఒక శనివారము రాత్రి మా సంఘములోని ఒక కూలీని పోలీసులు తీసుకువెళ్ళారు. ఎవరికో అన్నము పెట్టాడట. మరునాడు ఆరాధన ముగియబోతుండగా అతని భార్య చంటిబిడ్డను చంకనెత్తుకొని లేచి నిలబడింది.

"అయ్యగారూ, మా ఇంటాయన్ను యాడికి తీస్కపోయిండ్రో తెల్వదు. ఠాణకాడికి ఎవరన్న ఒక్కరు నా ఎంట రారుండ్రి" అన్నది.

మందిరములో అరవైమందిమి ఉన్నాము. చదువుకున్నవారిమి ఉన్నాము. ఒక్కరమూ తల ఎత్తలేదు. మాకు తెలియదమ్మా, పెద్దవాళ్ళతో మాట్లాడి చూస్తాములే అన్నాము. పాస్టరుగారు ప్రార్థన చేశారు. అది మంచి ప్రార్థనే. కాని ఆమేన్ అన్న తరువాత కూడా ఎవ్వరము కదలలేదు.

అప్పుడు స్త్రీల మైత్రిలోని ఒక ముసలమ్మ లేచింది. అక్షరము ముక్క రాదు. బీడీలు చుట్టి బ్రతికే మనిషి. "పా బిడ్డా, నేనొస్త. నన్నేం జేస్తరు, సావుకు దగ్గరున్నదాన్ని" అని ఆమె చేయి పట్టుకొని బయటికి నడిచింది. కొంతసేపటికి పాస్టరుగారు చెప్పులు వేసుకొని వారి వెంట వెళ్ళారు. మేము ఇండ్లకు పోయి అన్నము తిన్నాము.

అతడు నాలుగవ రోజు ఇంటికి వచ్చాడు. చాలా నెలలు నాగలి పట్టలేకపోయాడు. వెళ్ళి అడిగినందువల్లనే ప్రాణాలతో పంపారని అతని భార్య ఆ ముసలమ్మ కాళ్ళకు మ్రొక్కింది. మా ముఖాలు మాత్రము చాలాకాలము ఆమె చూడలేదు.

ఇంకొక మాట కూడా దాచరాదు. ఆ రోజులలోనే ప్రక్క ఊరిలో ఒకతనిని పోలీసులకు కబుర్లు చేరవేస్తున్నాడని రాత్రివేళ అడవివారు చంపారు. అతని సమాధి కార్యక్రమానికీ మేము పోలేదు. అక్కడ పోలీసులకు భయపడ్డాము, ఇక్కడ అడవివారికి. మా మౌనము రెండు ప్రక్కలా ఒకటే.

అడిగినవారు

అడిగినవారు లేకపోలేదు. పౌరహక్కుల సంఘము తరఫున న్యాయవాది కన్నబిరాన్, లెక్కల అధ్యాపకుడు బాలగోపాల్ ఏండ్ల తరబడి ఈ ప్రశ్ననే కోర్టులలో, పల్లెలలో అడిగారు. చిన్నపిల్లల డాక్టరు రామనాథంగారిని 1985లో వరంగల్లులో ఆయన దవాఖానలోనే కాల్చి చంపారు. మన కరీంనగర్ జిల్లాలో జాపా లక్ష్మారెడ్డిగారు 1986లో హత్యకు గురయ్యారు. బాలగోపాల్ గారు తరువాతి కాలములో అడవివారి హత్యలను కూడా నిలదీశారు. మనిషి ప్రాణము ఎవరి చేతిలో పోయినా ప్రశ్న ఒకటే గదా. వీరిలో చాలామంది మన విశ్వాసము వారు కారు. అయినా దేవుడు కయీనును అడిగిన ప్రశ్నను వారు అడిగారు, మందిరములో ఉన్న మేము అడగలేదు.

అధికారులకు లోబడమని రోమా పత్రిక చెబుతున్నదని అప్పట్లో మేము సమాధానము చెప్పుకొనేవారము. కాని ఆ పత్రిక వ్రాసిన పౌలే ఏమి చేశాడు? ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి చెరలో వేసి, తెల్లవారి రహస్యముగా వెళ్ళిపొమ్మంటే వెళ్ళలేదు. అధికారులే వచ్చి తమను బయటికి తీసుకురావాలన్నాడు. యెరూషలేములో కొరడాలతో కొట్టబోతే, శిక్ష విధింపబడని రోమీయుని కొట్టుట మీకు న్యాయమేనా అని శతాధిపతిని నిలదీశాడు. అధికారిని గౌరవించుట, అధికారిని చట్టము అడుగుట, ఈ రెండును పౌలు ఒక్క నోటితోనే చేశాడు.

మన చేతిలో ఉన్నది

నేడు మన పల్లెలలో ఆ రాత్రులు లేవు. అయినా ఏ ఊరిలోనైనా ఒకనిని ఠాణాకు తీసుకుపోవచ్చును. కాబట్టి ప్రతి కుటుంబము ఈ కొద్ది సంగతులు తెలిసికొనవలెను. అరెస్టు చేసినవానిని, ప్రయాణపు సమయము విడిచి, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలని రాజ్యాంగము 22వ అధికరణము చెబుతున్నది. ఎందుకు అరెస్టు చేశారో అతనికి చెప్పాలి. ఇంటివారికి కబురు పంపాలని, అరెస్టు కాగితము మీద సాక్షి సంతకము ఉండాలని 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. వకీలును పెట్టుకొనలేని బీదవారికి న్యాయ సేవల సంస్థ ఉచితముగా వకీలును ఇస్తుంది. 1978లో చేసిన 44వ రాజ్యాంగ సవరణ ప్రకారము అత్యవసర పరిస్థితిలో కూడా ప్రాణ హక్కును పక్కన పెట్టుటకు వీలు లేదు.

అయితే కాగితము మీది హక్కు తనంతట తాను ఠాణాకు నడిచి పోదు. దాని వెంట ఒక మనిషి పోవాలి. ఒంటరిగా పోయిన భార్యను కసిరి పంపినంత సుళువుగా పదిమంది పెద్దలు వెంట ఉన్న భార్యను పంపలేరు. మన సంఘ కమిటీలు వివాహాలకు, సమాధులకు మనుషులను ఏర్పాటు చేస్తున్నాయి. ఇటువంటి వేళ వెంట పోవుటకు కూడా ఇద్దరు ముగ్గురిని ముందుగానే ఏర్పాటు చేసికొనవచ్చును. అతడు మన సంఘస్థుడా, అన్య మతస్థుడా, ఏ పార్టీవాడు అని అడుగవద్దు. నేరము చేశాడా లేదా అని తేల్చుట న్యాయస్థానము పని. అతడెక్కడ అని అడుగుట మన పని.

ఆ ముసలమ్మ ప్రభువు సన్నిధికి వెళ్ళి చాలా ఏండ్లయింది. ఆమె సమాధి వద్దకు ఈస్టరు ఉదయము వెళ్ళినప్పుడెల్లా, ఆ ఆదివారము మేము కూర్చుండిపోయిన బల్ల మాకు గుర్తుకు వస్తుంది. మన సహోదరుడు ఎక్కడ అని ప్రభువు మరల అడిగిన దినమున, తెలియదు అనక లేచి నడుచుటకు ఆయన మన కాళ్ళకు బలమిచ్చును గాక. ఆమేన్.