గృహనిర్మాణ పర్యవేక్షణ: పంచాయతీ సభ్యుల కర్తవ్యము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఊరక అనలేదు. కలిగినవారికే కష్టమైన ఈ పని దినకూలితో జీవించు కుటుంబమునకు ప్రభుత్వ సహాయము లేనిదే సాధ్యము కాదు. ఆ సహాయము మంజూరగుట ఒక ఎత్తు; అది అర్హులకు, సకాలమున, పూర్తిగా చేరునట్లు చూచుట మరియొక ఎత్తు. ఈ రెండవ పనిలో పంచాయతీ సభ్యులకు గల స్థానమును, అది గ్రామ ఆర్థికాభివృద్ధితో ముడివడియున్న విధమును ఇచట వివరింపదలచితిమి.

చట్టమున మీ స్థానము

బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో చేసిన సిఫార్సుల ననుసరించి 1959లో ఆంధ్రప్రదేశమున పంచాయతీ రాజ్య వ్యవస్థ నెలకొన్నది. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఈ వ్యవస్థకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించినది. ఆ సవరణతో చేరిన 11వ షెడ్యూలులో 29 అంశములు కలవు. అందు 10వది గ్రామీణ గృహనిర్మాణము. 9వది ఖాదీ, గ్రామ, కుటీర పరిశ్రమలు. 16వది దారిద్ర్య నిర్మూలనము. 22వది సంతలు, తిరునాళ్లు. ఆర్థికాభివృద్ధికి, సాంఘిక న్యాయమునకు ప్రణాళికలు రచించుట పంచాయతీల పనియని 243-జి అధికరణము తెలుపుచున్నది. ఈ రెండు మాటలు ప్రక్కప్రక్కనే ఉండుట గమనింపదగినది. న్యాయము లేని అభివృద్ధి కొందరి ఇండ్లకే చేరును. అభివృద్ధి లేని న్యాయము కాగితముపై నిలిచిపోవును.

అయితే ఏయే అధికారములు పంచాయతీలకు అప్పగింపవలెనో నిర్ణయించు బాధ్యతను రాజ్యాంగము రాష్ట్ర శాసనసభలకే విడిచినది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీ రాజ్ చట్టమును, 2018 నాటి తెలంగాణ పంచాయతీ రాజ్ చట్టమును ఈ ఏర్పాటు ప్రకారము వచ్చినవే. ఇంటి సొమ్ము సాధారణముగ పంచాయతీ ఖాతాకు రాదు. అది నేరుగ లబ్ధిదారుని బ్యాంకు ఖాతాకే చేరును. "డబ్బు మా చేతిలో లేదు గనుక మాకేమి పని?" అని కొందరు సభ్యులు అడుగుదురు. సొమ్ము చేతిలో లేనివాడే నిష్పక్షపాతముగ లెక్క అడుగగలడని మేము మనవి చేయుచున్నాము. చూచుట, అడుగుట, తీర్మానించుట, వ్రాసి యుంచుట: ఈ నాలుగును మీ చేతిలోనివే.

పట్టిక చదువుట

పర్యవేక్షణ పునాదితో గాక పట్టికతో మొదలగును. 1985లో ఆరంభమైన ఇందిరా ఆవాస యోజన స్థానమున 2016లో ప్రధానమంత్రి ఆవాస యోజన - గ్రామీణ పథకము వచ్చినది. దాని తొలి దశలో 2011 నాటి సామాజిక, ఆర్థిక, కుల గణన ఆధారముగ పేర్లు తీసికొని, గ్రామసభ పరిశీలనకు పెట్టు నియమ మేర్పడినది. ఇల్లే లేనివారు ముందు. పచ్చిగోడల, పూరికప్పుల ఇండ్లవారు తరువాత. పట్టికలోని పేరును తొలగింపవలెనన్న కారణము చూపవలెను; ఆక్షేపణ కలవారు పై సంఘమునకు చెప్పుకొనవచ్చును.

ఒక గ్రామమును ఊహింతము. భర్తను కోల్పోయిన ఒక కూలి స్త్రీ తాటాకు పాకలో ఇద్దరు బిడ్డలతో ఉన్నది. గ్రామసభనాడు ఆమె మిరప కోతకు పొరుగూరు వెళ్లినది. పట్టిక చదివినపుడు "ఆమె ఊరిలో లేదు" అని ఎవరో అనిరి, పేరు కొట్టివేయబడినది. అన్నవాడు అబద్ధమాడలేదు. ఆ దినము ఆమె ఊరిలో లేనిమాట నిజమే. ఆ వార్డు సభ్యుడు లేచి "ఆమె వలస పోలేదు, కూలికి పోయినది, రేపు వచ్చును" అని ఒక్క వాక్యము పలికియుండిన ఆ కుటుంబము ఇంకను ఎన్నో వర్షకాలములు తడిసిన పాకలో గడపవలసివచ్చెడిది కాదు. కావున సభకు ముందే మీ వార్డులో ఇల్లిల్లు తిరుగుడు. పట్టికను పంచాయతీ కార్యాలయపు గోడపై అంటింపుడు. కూలిపనులు ముగిసిన వేళ చూచి సభ జరుపుడు. పేరు తొలగించిన కారణమును తీర్మానపు పుస్తకమున వ్రాయింపుడు.

నిర్మాణము గమనించుట

పైన చెప్పిన పథకము ఇంటికి మైదాన ప్రాంతములలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతములలో 1,30,000 రూపాయలు నిర్ణయించినది. వంట చేయు చోటుతో కలిపి ఇల్లు 25 చదరపు మీటర్లకు, అనగా సుమారు 270 చదరపు అడుగులకు, తక్కువ కారాదు. ఇల్లు కుటుంబమే కట్టుకొనవలెను గాని కంట్రాక్టరుకు అప్పగింపరాదు. సొమ్ము దశలవారీగా వచ్చును. ఒక దశ పూర్తియైనట్లు స్థలమున తీసిన ఛాయాచిత్రము చేరినగాని తరువాతి వాయిదా విడుదల కాదు.

ఇచటనే పేదవాడు చిక్కుకొనును. పునాది పూర్తియైనను ఛాయాచిత్రము తీయువారు రారు, వాయిదా అందదు, సిమెంటు వర్తకునికి అప్పు పెరుగును, మేస్త్రీ వేరొక పనికి పోవును. అంతలో తొలకరి వచ్చును. ఆగిన గోడకు కారణము కుటుంబపు సోమరితనమని ఊరు అనుకొనును. పంచాయతీ నెలకొక పర్యాయము ఒక పుస్తకమున నాలుగు సంగతులు వ్రాయించిన చాలును: ఏ ఇల్లు ఏ దశలో ఉన్నది? ఆ దశ ఏ తేదీన ముగిసినది? వాయిదా ఏ తేదీన వచ్చినది? రానిచో ఎవరికి ఎప్పుడు వ్రాసితిమి? తేదీలతో కూడిన ఒక పుట మండలాధికారి ముందుంచిన, పది నోటిమాటల కంటె బలముగ పనిచేయును.

నాణ్యము చూచుటకు ఇంజనీరు చదువు అక్కరలేదు. సిమెంటు బస్తాలు నేలను, గోడను తగులకుండ చెక్కలపై ఉన్నవా? గడ్డకట్టిన సిమెంటు వాడుచున్నారా? కొత్త స్లాబును కనీసము వారము దినములైన తడుపుచున్నారా? వీధి మట్టముకంటె గడప ఎత్తుగ ఉన్నదా? ఈ ప్రశ్నలు ఏ సభ్యుడైనను అడుగవచ్చును. ఇంటికి దారి, మంచినీరు, మురుగు కాలువ, విద్యుత్తు సమకూర్చు పని పంచాయతీది, తత్సంబంధ శాఖలది. ఇవి లేని కాలనీలో తాళము వేసిన ఇండ్లు మిగులును గాని సంసారములు నిలువవు.

ఇల్లు తెచ్చు పని

ఇరువది ఇండ్లు ఒక గ్రామమున లేచుచున్నవనిన మేస్త్రీలకు, వడ్రంగులకు, ఇటుక బట్టీలవారికి, బండ్లవారికి నెలల తరబడి పని దొరకును. ఆ పని ఊరివారికే దొరకునట్లు ముందుగ యోచించుట ఆర్థికాభివృద్ధిలో భాగమే. తాపీపనిలో యువకులకు శిక్షణ ఇప్పించవచ్చును. స్త్రీల స్వయం సహాయక సంఘములు ఇటుకల తయారీకి ఋణము పొందవచ్చును. అందరును కలిసి సామగ్రి కొనిన ధర తగ్గును. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఈ అంశములను చేర్చుడు. పూర్తియైన ఇల్లు ఇంటి పన్ను పట్టికలో చేరును; ఆ పన్ను మరల వీధి దీపమై, కాలువయై అదే వీధికి రావలెను. ఇచ్చిన పన్ను ఏమైనదో కంటికి కనబడిననాడు ప్రజలు పన్ను చెల్లించుటకు వెనుదీయరు.

మన లెక్క మనము చెప్పుట

ఇతరులను లెక్క అడుగువారు తామును లెక్క చెప్పవలెను. ఆంధ్రప్రదేశమున 2006 నుండి ఉపాధి హామీ పనులపై సాగిన సామాజిక తనిఖీలలో హాజరు పట్టీలను ఊరి నడుమ బిగ్గరగ చదివిరి. పని చేయని పేర్లు, అందని కూలి అట్లు బయటపడెను. గృహనిర్మాణమునకును అదే పద్ధతి మేలు. తమ బంధువుల పేరు చర్చకు వచ్చినపుడు సభ్యులు ఆ నిర్ణయమునుండి తప్పుకొనుట మర్యాద. ఇల్లు ఇప్పించితినని పైకము పుచ్చుకొనుట నేరము. అట్టిది తెలిసియు మిన్నకుండుట గ్రామమునకు ద్రోహము. మంజూరు వివరములు కావలసినచో 2005 నాటి సమాచార హక్కు చట్టము సభ్యునికిని, సామాన్యునికిని సమానముగ తోడ్పడును.

రాబోవు గ్రామసభకు రెండు కాగితములు తీసికొని వెళ్లుడని మా విన్నపము: మీ వార్డులో ఇల్లు లేనివారి పేర్లు ఒకదానిపై, ఆగిపోయిన ఇండ్లు, అవి ఆగిన తేదీలు రెండవదానిపై. ఆ రెంటిని సభలో చదివి, తీర్మానమున చేర్పించి, మరుసటి సభలో "ఏమైనది?" అని అడుగుడు. ఈ పని తొలకరికి ముందే జరిగిన, ఏదో ఒక పాకలోని బిడ్డలు ఈ యేడు పొడినేలపై నిద్రింతురు.