సగము బ్లేడు, గోరువెచ్చని నీరు

హైదరాబాదు యూసుఫ్‌గూడలో ప్రొద్దుపొడుపునకు ముందే రెండు తెఱగుల మనుష్యులు అద్దము ముందు నిలుతురు: మొదటి బెటాలియను మైదానమున కవాతునకు హాజరు కావలసిన పోలీసు జవానులు కొందఱు, ప్రక్కనున్న కృష్ణానగరులో ఆనాటి వేషమునకై సినిమా కంపెనీ బండి కొరకు వేచియుండు జూనియరు ఆర్టిస్టులు కొందఱు. వీరికొరకే కాబోలు, ఇచ్చటి సందులలోని చిన్న సెలూనులు పాలబూతులతో పాటు తెఱచుకొనును. అట్టి యొకదానిలో నా వంతు కొరకు కూర్చుండి నేను ఏండ్ల తరబడి చూచియు తనివి తీరని దృశ్యమొకటి కలదు. క్షురకుడు కాగితము విప్పకయే బ్లేడును రెండు కొనల పట్టి నిలువున వంచును. 'టప్పు'మని సన్నని చప్పుడగును. కాగితములోననే బ్లేడు సరిగా రెండు సగములగును. ఒక సగమును ఉస్తరాలో దూర్చి, "కొత్తదే అన్నా" అని నాకు చూపిన పిమ్మట గాని అతడు దానిని గడ్డమునకు తాకింపడు.

అతని తండ్రి నాట పొదిలో ఉన్నది ఒకే కత్తి; సాన మీదను, తోలుపట్టీ మీదను పదును పెట్టుచు ఊరందఱికిని దానితోనే క్షౌరము చేసెడివారు. ఎయిడ్స్ భయము వ్యాపించిన తరువాత మనిషికొక క్రొత్త బ్లేడు అనునది సెలూనులలో ఆచారమయ్యెను. తిరుమల కల్యాణకట్టలో తలనీలాల టోకెనుతో పాటు మన చేతికి వచ్చునదియు ఈ బ్లేడే. తెలుగువానికి ఇంత పరిచితమైన ఈ వస్తువును ఇంటిలో మాత్రము మనము విడనాడి, మూడేసి, అయిదేసి అలుగులు పేర్చిన ఖరీదైన ప్లాస్టిక్కు తలల పాలైతిమి. దీనిని మరల ఇంటికి తెచ్చుకొనదగునని నా దృఢవిశ్వాసము.

పదును తగ్గగనే పాఱవేయదగిన పలుచని బ్లేడు ఉండవలెనను తలంపు అమెరికా దేశమున కింగ్ కాంప్ జిలెట్ అను నాతనికి 1895లో కలిగెను. అంత పలుచని ఉక్కునకు పదును పెట్టుట అసాధ్యమని నిపుణులు పలుకగా, విలియం నికర్సన్ అను ఇంజనీరు దానిని సాధించెను. అమ్మకము మొదలైన 1903లో చెల్లినవి 51 రేజరులు, 168 బ్లేడులు మాత్రమే. మఱుసటి యేట రేజరులే తొంబది వేలు దాటెను. నేటికిని ఆ బ్లేడు కొలత ఇంచుమించుగా అదియే: నిడివి 43 మిల్లీమీటర్లు, వెడల్పు 22, మందము ఒక మిల్లీమీటరులో పదవవంతు. అందువలననే ఇట్టి బ్లేడు ఏ కంపెనీదైనను, దీనికై చేసిన ఏ రేజరులోనైనను ఇమిడిపోవును. కొనువాడు ఎవరికిని బందీ కానక్కఱలేదు.

ఇంట ఆరంభింపదలచినవారు మొదట ఆలోచింపవలసినది బ్లేడును గూర్చి కాదు, నీటిని గూర్చి. పొడి వెండ్రుక మొండిది. రెండు మూడు నిమిషములు వెచ్చని నీట నానినచో ఉబ్బి మెత్తబడి, అలుగునకు సులభముగా లొంగును. మన పెద్దలకిది క్రొత్త సంగతి కాదు. బిడ్డకు పుట్టువెండ్రుకలు తీయు చౌలకర్మలో, కత్తి తాకింపకముందు వేడినీటిని చన్నీటితో కలిపి తల తడుపవలెనని గృహ్యసూత్రములే విధించినవి.

నీటి విషయమున మన పేటలో మఱియొక చిక్కు కలదు. నేను రేజరు పట్టిన క్రొత్తలో బ్రష్షు ఎంత త్రిప్పినను నురుగు నిలువక, పాలు విఱిగినట్లు తెట్టెగట్టి, చెంపలు మండుచుండెడివి. తప్పు బ్లేడుదనుకొని మూడు రకములు మార్చితిని. ఒకనాడు బోరు నీళ్లకు బదులు నల్లా నీళ్లు కాచి వాడగా, అదే సబ్బు వెన్నవలె లేచెను. బోరు నీటిలోని కాల్షియము, మెగ్నీషియము లవణములు సబ్బుతో కలిసి తెట్టెయగును. నల్లాలో వచ్చు మంజీర, కృష్ణా జలములలో ఆ కాఠిన్యము తక్కువ. గడ్డమునకు కావలసినది ఒక చెంబెడు నీరే గనుక, నల్లా వచ్చిన నాడు పట్టియుంచుకొనుట కష్టము కాదు.

తడి బ్రష్షుతో సబ్బును గాని క్రీమును గాని గుండ్రముగా రుద్ది, మెఱయునట్టి చిక్కని నురుగు చేయవలెను. పిదప అలుగు చెంపకు సుమారు ముప్పది డిగ్రీల కోణమున ఉండునట్లు రేజరును పట్టి, దాని బరువుతోనే దిగనీయవలెను, చేయి నొక్కరాదు. ప్లాస్టిక్కు రేజరునకు అలవడిన చేతికి ఇదియే కష్టసాధ్యమైన పాఠము. తొలినాళ్ల గాట్లన్నియు ఆ నొక్కుడు వలన కలుగునవే. రెండవ చేతితో చర్మమును బిగబట్టి, చిన్న చిన్న గీతలుగా మొదట వెండ్రుక వాలిన దిక్కునకే గీయుడు. మెడ మీద వెండ్రుక ఒక్కొక్క చోట ఒక్కొక్క వైపు వాలును. వ్రేలితో తడవి తెలిసికొనుడు. ఎదురు గీత చేయి కుదురుకొన్న నెల తరువాతి మాట. ఉంగరాల గడ్డము కలవారు దానిని పూర్తిగా మానుట మేలు, ఏలయన చర్మమునకు లోతుగా తెగిన వెండ్రుక లోపలికే మొలిచి పొక్కును. తుదిని చన్నీళ్లు, తడిపిన పటిక ముక్క చాలును.

ఇక బ్లేడు. కిరాణా కొట్టులో కొద్ది రూపాయలకే టోపాజ్, సెవెన్ ఓ క్లాక్ వంటివి లభించును. తెప్పించుకొన్నచో జపాను సెకి నగరపు ఫెదర్ కూడ దొరకును. ఇది అతితీక్ష్ణమని పేరుగన్నది గనుక మొదటి బ్లేడుగా తగదు. ఏది శ్రేష్ఠమని నన్నడుగువారికి నేను ఒక పేరు చెప్పను. ఒకరి చెంపపై జాఱిపోవు బ్లేడు మఱొకరి చెంపపై పీకును. రేజరు, సబ్బు, నీరు మార్పక, బ్లేడు నొక్కదానినే మార్చి చూడుడు. ఒక్కొక్క రకమునకు మూడు నాలుగు క్షవరములైనను అవకాశమిచ్చి, ఎచ్చట పీకినదో, ఎచ్చట మండినదో గుర్తించుకొనుడు.

ఉక్కు కంటె యాబది రెట్లు మెత్తనిదైన వెండ్రుక ఉక్కును ఎట్లు మొద్దుబఱచునని 2020లో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు సూక్ష్మదర్శిని క్రింద చూచిరి. అలుగు అరుగుట కాక, వెండ్రుక వంగిన తావున సన్నని పెచ్చులుగా విఱుగుచున్నదని వారు కనుగొనిరి. అంచు అంత సున్నితము గనుక బ్లేడును తువాలుతో తుడువక, కడిగి విదిలించి ఆరనిచ్చుట మంచిది. నాలుగైదు సారులైన పిమ్మట పీకుట మొదలైనచో లోభింపక మార్చివేయుడు.

మార్చిన బ్లేడును మాత్రము చెత్తబుట్టలో వేయకుడు. వేకువనే మన గుమ్మము కడకు వచ్చు పారిశుద్ధ్య కార్మికురాలు తడి చెత్తను, పొడి చెత్తను తరచు వట్టి చేతులతోనే వేఱు చేయును. మా యింట ఒక పాత పౌడరు డబ్బాకు సన్నని గాటు చేసి, వాడిన బ్లేడు నందులో జాఱవిడుచుచున్నాము. నిండిన నాడు దానిని విడిగా, లోపల ఏమున్నదో చెప్పి ఆమె చేతికీయవలెననుకొంటిమి; నాలుగేండ్లైనను అదింకను సగమే నిండినది.