వచ్చే కరెంటుతోనే భద్రం!

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని పెద్దలంటారు. పల్లెల్లో కరెంటు రాకడ కూడా ఆ కోవలోదే. ఎప్పుడు పోతుందో తెలియదు. పోయింది ఎప్పుడొస్తుందో అసలే తెలియదు. పోయినప్పుడు విసనకర్ర పట్టుకుని అరుగు మీద కూర్చుంటాం, నాలుగు తిట్లు తిట్టుకుంటాం. అంతవరకూ జరిగే నష్టం తక్కువే. మోటార్లు కాలేదీ, ఫ్రిజ్‌లు చెడేదీ, ఒక్కోసారి మనిషి ప్రాణమే పోయేదీ చాలావరకు కరెంటు తిరిగి వచ్చేటప్పుడే. మన ఏర్పాట్లన్నీ పోయిన కరెంటు కోసం చేసుకుంటాం. వచ్చే కరెంటు సంగతి మరిచిపోతాం.

దసరా దగ్గర పడుతోందంటే మన జిల్లాకు తుపాన్ల రోజులొచ్చినట్టే. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్‌ను, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీని ఉద్దానం రైతులకు గుర్తు చేయనక్కర్లేదు. తిత్లీకి కొబ్బరి, జీడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ వేల సంఖ్యలో కూలాయి. ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మోటార్లు తిరగక తాగునీటి పథకాలు ఆగిపోయాయి. జనరేటర్లు తెచ్చి నీళ్లు తోడాల్సి వచ్చింది. అంత గాలి మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఇంట్లో, పొలంలో సర్దుకోవలసినవి మాత్రం ఇప్పుడే సర్దుకోవచ్చు.

కరెంటు పోగానే...

ముందుగా స్విచ్చులు ఆపాలి. ఫ్రిజ్, టీవీ, మిక్సీ, గ్రైండరు, నీళ్ల మోటారు అన్నీ ఆపేసి, కరెంటు వచ్చిందని తెలియడానికి ఒక్క బల్బు మాత్రం వేసి ఉంచాలి. వచ్చిన వెంటనే అన్నీ వేసేయకూడదు. అయిదు నిమిషాలు బల్బు వెలుగు గమనించాలి. వెలుగు నిలకడగా ఉంటేనే ఒక్కొక్కటీ వేసుకోవాలి. ఫ్రిజ్‌కు ఈ అయిదు నిమిషాలూ మరీ అవసరం. ఆగిన వెంటనే మళ్లీ తిరగబోతే లోపలి కంప్రెసరు మీద బరువు పడి కాలిపోతుంది.

బల్బు ఎన్నడూ లేనంత ధగధగా వెలిగినా, ఫ్యాను మామూలు కంటే జోరుగా తిరిగినా ఒక్క క్షణం ఆలోచించకుండా మెయిను ఆపేయాలి. స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగినప్పుడు ఇలా జరుగుతుంది. 230 వోల్టులు రావాల్సిన ఇంటికి 400 దాకా రావచ్చు. గాలివానల తర్వాత ఒక వీధి వీధంతా టీవీలు కాలిపోయాయంటే చాలాసార్లు కారణం ఇదే. మెయిను ఆపి లైన్‌మన్‌కు చెప్పాలి.

పశువులున్న ఇళ్లలో గడ్డి కోసే మిషనుతో మరీ జాగ్రత్తగా ఉండాలి. కోస్తుండగా కరెంటు పోతే మిషను ఆగుతుంది. ఇరుక్కున్న గడ్డి లాగుదామని చెయ్యి పెడతారు. స్విచ్చి మాత్రం వేసే ఉంటుంది. అదే క్షణాన కరెంటు వస్తే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి చేత్తో పట్టుకున్నాకే రెండో చెయ్యి మిషను మీద పడాలి. ఇంట్లో పిల్లలకు, పాలేళ్లకు ఈ ఒక్క ముక్క నేర్పినా చాలు.

ఆటో స్టార్టరు చేసే పని

రాత్రివేళ లేచి, పురుగూ పుట్రా ఉండే గట్ల మీద నడిచి వెళ్లి మోటారు వేయడం కష్టమే. అందుకే చాలామంది ఆటో స్టార్టర్లు బిగించుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. రైతుకు నిద్ర దక్కుతుంది కానీ ట్రాన్స్‌ఫార్మరుకు గండం పట్టుకుంటుంది.

లెక్క చూడండి. 5 హెచ్‌పీ మోటారు నడుస్తున్నప్పుడు ఫేజుకు 7, 8 ఆంపియర్లు తీసుకుంటుంది. లేచేటప్పుడు మాత్రం దానికి అయిదారు రెట్లు, అంటే 40 ఆంపియర్ల దాకా లాగుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు నిలకడగా మోయగలిగేది ఫేజుకు 33 ఆంపియర్లే. ఒకటి లేచి సర్దుకున్నాక మరొకటి లేస్తే అది ఓర్చుకుంటుంది. నాలుగు మోటార్లు ఒక్కసారే లేస్తే 160 ఆంపియర్లు కావాలి. ఓల్టేజి పడిపోతుంది. ఏ మోటారూ సరిగా లేవదు, మూలుగుతూ వేడెక్కుతుంది. ఫ్యూజులు పోతాయి, ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు. అది బాగై వచ్చేదాకా దాని కింద ఉన్న మడులన్నీ ఎండాల్సిందే.

ఆటో స్టార్టరు తీసేయడమే మేలు. తప్పదనుకునేవారు కరెంటు వచ్చిన కొన్ని నిమిషాల తర్వాత మోటారు లేచేలా టైమరు పెట్టించుకోవాలి. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులంతా కూర్చుని ఒకరికి రెండు నిమిషాలు, మరొకరికి నాలుగు, ఇంకొకరికి ఆరు అని పంచుకోవాలి. ఫోనుతో వేసే, ఆపే స్టార్టర్లు కూడా వచ్చాయి. ఏది పెట్టినా ఒక ఫేజు పోయినప్పుడు మోటారును ఆపే ప్రివెంటరు ఉండాలి. రెండు ఫేజుల మీదే తిరగబోయిన మోటారుకు వైండింగ్ ఖర్చు తప్పదు. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటరు కూడా బిగిస్తే లైను మీద బరువు తగ్గుతుంది.

మోటారు ఆగింది కదా అని స్టార్టరు డబ్బా తెరిచి వేళ్లు పెట్టకూడదు. ఆటో మీద ఉన్న స్టార్టరుకు మనిషి చెయ్యి ఉందో లేదో తెలియదు. మెయిను దించి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాకే డబ్బా ముట్టాలి. తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి అసలే ముట్టకూడదు. బల్లులు, చీమలు దూరకుండా డబ్బా సందులు మూసి ఉంచుకుంటే సగం మరమ్మతులు తప్పుతాయి.

జనరేటరుతో స్తంభానికి కరెంటు

తుపాను తర్వాత కొందరు చిన్న జనరేటరు తెచ్చి, రెండు వైపులా పిన్నులున్న వైరుతో గోడ సాకెట్టులోకి కరెంటు ఇస్తుంటారు. ఇల్లంతా ఒకేసారి వెలుగుతుందని సంతోషం. మెయిను ఆపడం మరిచిపోతే ఆ కరెంటు మీటరు దాటి, సర్వీసు వైరు మీదుగా స్తంభమెక్కి ట్రాన్స్‌ఫార్మరుకు చేరుతుంది. 11 వేల వోల్టులను ఇంటి ఓల్టేజికి దించే ట్రాన్స్‌ఫార్మరు, అటు నుంచి కరెంటు వస్తే అదే లెక్కన పైకి పెంచుతుంది. సరఫరా ఆపామన్న ధైర్యంతో స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి వేల వోల్టులు తగులుతాయి. మన ఇంటి వెలుగు కోసం మనకు కరెంటు ఇవ్వడానికి వచ్చిన మనిషే బలి అవుతాడు. లైను కరెంటు, జనరేటరు కరెంటు ఎన్నటికీ కలవకుండా చేంజోవర్ స్విచ్చి పెట్టించాలి. అది లేకపోతే కావలసిన బల్బు, ఫ్యానుకు జనరేటరు నుంచే విడిగా వైరు లాక్కోవాలి.

జనరేటరును వసారాలో, గదిలో నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలుపులకు, కిటికీలకు దూరంగా బయటే ఉంచాలి. పెట్రోలు పోసేటప్పుడు ఆపి, చల్లారనివ్వాలి.

ఎర్తు, దండెం, వాననీరు

ఇంటి మరమ్మతు అంటే సున్నాలు, రంగులు అనుకుంటాం. వానలు ముదరకముందు చూసుకోవలసినవి ఇంకా ఉన్నాయి. సర్వీసు వైరు ఇంట్లోకి వచ్చే చోట కిందికి వంపు తిరిగి ఉండాలి. అప్పుడు వాన నీరు వంపు దగ్గరే కారిపోతుంది, మీటరు దాకా రాదు. మీటరు బోర్డున్న గోడకు చెమ్మ దిగుతుంటే పైన పెంకు జరిగిందో, శ్లాబు నెర్రె విచ్చిందో చూసి ముందు అది బాగుచేయించాలి.

ఎర్తు గొయ్యి ఎక్కడుందో తెలియని ఇళ్లు చాలా ఉన్నాయి. బొగ్గు, ఉప్పు వేసి పాతిన ఆ గొట్టం చుట్టూ నేల చెమ్మగా ఉండాలి. ఎండాకాలంలో రెండు బిందెల నీళ్లు పోస్తుండాలి. గొట్టానికి బిగించిన తీగ తుప్పు పట్టి ఊడితే ఎర్తు లేనట్టే. దీనితో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించుకుంటే కరెంటు మనిషి గుండా భూమిలోకి పోబోయినప్పుడు క్షణంలో సరఫరా ఆగిపోతుంది. దాని మీదున్న టెస్టు బటను నెలకోసారి నొక్కి చూడాలి. నొక్కినా పడకపోతే మార్చేయాలి. ఫ్యూజు పోయినప్పుడల్లా చేతికందిన రాగి తీగను మెలిపెట్టి కట్టడం మానాలి.

బట్టలారేసే దండేనికి ఇనుప తీగ కట్టి, దాన్ని సర్వీసు వైరు మోసే కడ్డీకో రేకుల షెడ్డుకో ముడివేస్తారు. వైరు తోలు ఒరిసి పోయిందంటే దండేనికి కరెంటు వస్తుంది. తడి బట్ట వేసిన ఇల్లాలు చెయ్యి వదల్లేదు, పట్టుకోబోయిన వాళ్లూ పోతారు. ఇలాంటి చావుల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. దండేనికి నైలాను తాడే కట్టాలి. అదీ కరెంటు కడ్డీలకు దూరంగా కట్టాలి.

ఇన్వర్టరు ఉంటే

150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇన్వర్టరు మీద రెండు మామూలు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు వేస్తే ఆరేడు గంటలు వస్తుంది. ఫ్యాన్లు 30 వాట్లు తినే బీఎల్‌డీసీ రకమైతే అదే బ్యాటరీ రెట్టింపు సేపు వస్తుంది. ఇది కొత్త బ్యాటరీ మాట. పాతబడేకొద్దీ తగ్గుతుంది.

రెండు మూడు నెలలకోసారి నీటి మట్టం చూసి డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు, యాసిడ్ పోయకూడదు. టెర్మినళ్ల మీద పట్టిన తెల్లటి బూజును ఇన్వర్టరు ఆపి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో తుడిచి వాసెలిన్ రాయాలి. మూతల సందుల్లోంచి లోపలికి ఆ నీళ్లు పోకూడదు. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. చార్జి అయ్యేటప్పుడు వచ్చే గ్యాసు అంటుకుంటుంది. మెయిను ఆపినా ఇన్వర్టరు లైనులో కరెంటు ఉంటుంది. ఇంట్లో వైరింగు పని చేయించేటప్పుడు ఇన్వర్టరు కూడా ఆపాలి.

నీళ్లు, మందులు

తుపాను హెచ్చరిక రాగానే ట్యాంకు, గోలేలు, బిందెలు నింపుకోవాలి. పశువుల నీళ్ల లెక్క వేరే వేసుకోవాలి. పాలిచ్చే గేదె రోజుకు 60 లీటర్లకు పైనే తాగుతుంది. వీధిలోని బోరింగుకు వాషర్లు ముందే వేయించుకుంటే ఊరంతటికీ ఆసరా. నూతికి గిలక, చేంతాడు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తుంది. ఇన్సులిన్ వాడేవారు సీసాను ప్లాస్టిక్ కవరులో చుట్టి, తడి ఇసుక పోసిన కొత్త కుండలో నీడన ఉంచుకోవచ్చు. వాడుతున్న సీసా బయట ఎన్నాళ్లు ఆగుతుందో దాని కాగితంలో రాసి ఉంటుంది, చదివించుకోండి.

తీగ తెగి పడితే

తెగిన తీగలో కరెంటు లేదని ఎవరూ అనుకోకూడదు. అప్పుడు లేకున్నా మరు నిమిషంలో రావచ్చు. దగ్గరికి పోకుండా, ఎవరినీ పోనీయకుండా 1912కు ఫోను చేయాలి. పశువులను అటు తోలకూడదు. ముందు కాళ్లకు, వెనక కాళ్లకు మధ్య దూరం ఎక్కువ కనుక నేల గుండా వచ్చే కరెంటు వాటికి తొందరగా తగులుతుంది. మనమే దగ్గరగా చిక్కుకుంటే పెద్ద అంగలు వేయకుండా, పాదాలు నేలకు ఆనించి చిన్నగా జరుపుకుంటూ దూరం పోవాలి.

ఇంట్లో ఎవరికైనా షాకు తగిలితే ముందు మెయిను ఆపాలి. ఆపే వీలు లేకపోతే పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో విడదీయాలి. పెద్ద లైను తీగైతే కర్రతోనూ పోకూడదు, సరఫరా ఆగేదాకా ఆగాల్సిందే. విడిపించిన మనిషికి ఊపిరి ఆడకపోతే 108కి ఫోను చేయిస్తూనే రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషానికి నూరు సార్లకు తగ్గకుండా గట్టిగా నొక్కుతూ ఉండాలి.

వీటిలో పెద్ద ఖర్చయ్యేవి రెండు మూడే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు, మెయిను, స్టార్టరు ఒక పూటలో చూపించుకోవచ్చు. స్విచ్చి ఆపడానికీ, దండెం మార్చడానికీ పైసా అక్కర్లేదు. రైతు సోదరులు, ఇంటి ఆడవారు కలిసి ఈ దసరా శుభ్రాల్లోనే ఈ పనులూ ముగించుకుంటే రేపు ఎంత గాలి వీచినా మోటారూ దక్కుతుంది, మనిషీ దక్కుతాడు.